గీజర్‌కి పెట్టె సరే, తలుపేది?

బాయిలర్ అన్న మాటకి మా వైపు ఒక్క అర్థం లేదు. మిర్యాలగూడలో అంటే రైసుమిల్లు గుర్తొస్తుంది. సూర్యాపేట పాత ఇళ్లలో అంటే పెరట్లో ఉండే రాగి బాయిలర్, మధ్యలో పొగగొట్టం, కింద పుల్లల మంట. మా కోదాడలో నానమ్మ వయసు వాళ్లు గోడకి వేలాడే కరెంటు గీజర్‌ని కూడా బాయిలరే అంటారు. "బాయిలర్ స్విచ్చెయ్ రా" అంటే గీజర్ ఆన్ చెయ్యమని.

ఈ మూడింటిలో మొదటి రెండిటికీ ఒక మంచి గుణం ఉంది. ఎక్కడ చెయ్యి పెట్టాలన్నా పెట్టొచ్చు. రాగి బాయిలర్‌కి పైన మూత, పక్కన కుళాయి, కింద బూడిద లాగే చోటు, అన్నీ కంటికి కనపడతాయి. మూడోదాన్ని మాత్రం ఇప్పుడు కొత్త ఇళ్లలో ప్లైవుడ్ పెట్టెలో పెట్టేస్తున్నారు. మాడ్యులర్ కిచెన్ వచ్చాక గీజర్, వాటర్ ఫిల్టర్, సిలిండర్ ఏవీ కనపడకూడదు. గోడ మొత్తం ఒకే రంగు లామినేట్ ఉండాలి.

దాయడం తప్పని నేను అనను. అమ్మ మాటలో న్యాయం ఉంది: "ఇంత డబ్బు పోసి వంటిల్లు కట్టుకుని, వచ్చినోళ్లకి ముందు పైపులు చూపించాలా?" నా బాధంతా ఒక్కటే. దాచినదాన్ని మళ్లీ తెరిచే దారి కూడా డిజైన్‌లో భాగమే. మన పుస్తకాల్లో దాన్ని మెయింటెనబిలిటీ అంటారు. పరీక్షలో రెండు మార్కులకి రాసి వదిలేస్తాం. వంటింట్లో మాత్రం అది డబ్బుకి, ఒక్కోసారి ప్రాణానికి సంబంధించిన విషయం. గత ఏడాదిన్నరలో మూడు ఊళ్లలో మా చుట్టాల ఇళ్లలో చూసినవి, వాటి వెనక ఉన్న లెక్కలు ఇక్కడ చెప్తాను.

గీజర్ లోపల ఏముంది?

ఇంట్లో వాడే స్టోరేజ్ గీజర్ ఒక స్టీలు ట్యాంకు. చుట్టూ వేడి పోకుండా ఫోమ్, దాని మీద బయటి డొక్కు. మన దేశంలో ఈ రకానికి వర్తించే ప్రమాణం ఐఎస్ 2082. మనిషి చెయ్యి పెట్టాల్సిన భాగాలు అందులో ముఖ్యంగా ఐదు.

ఒకటి, ఎలిమెంట్. నీళ్లలో మునిగి ఉండే హీటర్. నిలువు గీజర్‌లో ఇది సాధారణంగా కింది నుంచి పైకి బిగించి ఉంటుంది. కాబట్టి ఊడదీయాలంటే కిందికే లాగాలి.

రెండు, మెగ్నీషియం రాడ్. తాను కరిగిపోతూ ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. మన కెమిస్ట్రీలో త్యాగ ఆనోడ్ అని చదివామే, అదే. అది పూర్తిగా కరిగిపోయాక తుప్పు ట్యాంకు మీద పడుతుంది. ఆలోపే మార్చాలి.

మూడు, థర్మోస్టాట్. దానికి తోడు ఉష్ణోగ్రత హద్దు దాటితే కరెంటు ఆపేసే కటౌట్. కొన్నిట్లో కటౌట్ పడితే మళ్లీ చేత్తో నొక్కాలి.

నాలుగు, సేఫ్టీ వాల్వ్. చల్లనీళ్లు లోపలికొచ్చే పైపు దగ్గర ఉంటుంది. లోపల ఒత్తిడి ఎక్కువైతే నీళ్లు బయటికి వదులుతుంది.

ఐదు, వైరు కనెక్షన్లు, ఎర్తింగ్.

25 లీటర్ల గీజర్‌లో నీళ్లని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి వేడి చేస్తే అవి దాదాపు 1.4 శాతం వ్యాకోచిస్తాయి. అంటే సుమారు 350 మిల్లీలీటర్లు, ఒక పెద్ద గ్లాసుకి పైనే. చల్లనీళ్ల వైపు నీళ్లు వెనక్కి పోనివ్వని వాల్వ్ ఉంటే ఈ నీళ్లకి వెనక దారి లేదు. ఒత్తిడి పెరిగి సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలుగా రావాల్సిందే. చాలామంది దీన్ని లీకేజీ అనుకుని ఆ రంధ్రానికి టేపు చుడతారు, లేదా బిరడా కొడతారు. అది ప్రెషర్ కుక్కర్ వెయిట్‌ని తాడుతో కట్టేసినట్టే.

మా నీళ్ల సంగతి

మా వైపు బోరు నీళ్లు తాగినవాళ్లకి చెప్పక్కర్లేదు. బకెట్ అడుగున తెల్లటి చార, కుళాయి మూతి చుట్టూ సున్నం. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల వరకు అంగీకారం, వేరే దారి లేనప్పుడు 600 వరకు. మిషన్ భగీరథ నీళ్లు ఇంటికొస్తున్నా, ట్యాంకుకి ఎక్కించేది చాలాచోట్ల బోరు నీళ్లే. గీజర్‌కి వెళ్లేదీ అవే.

నీళ్లు వేడెక్కితే అందులో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా, అంటే సున్నపు పొలుసుగా మారుతుంది. ఎక్కువ వేడి ఎక్కడుంటే అక్కడే పేరుకుంటుంది. అది ఎలిమెంట్ మీదే.

ఇక్కడ మనవాళ్లలో ఒక అపోహ ఉంది. పొలుసు పడితే కరెంటు బిల్లు బాగా పెరిగిపోతుందంటారు. ఎలిమెంట్ నీళ్లలోనే మునిగి ఉంది కాబట్టి దాని వేడి చివరికి నీళ్లలోకే పోవాలి, ఇంకెక్కడికీ పోలేదు. అసలు నష్టం వేరు. రాగితో పోలిస్తే పొలుసు వేడిని వందల రెట్లు తక్కువగా పోనిస్తుంది. దుప్పటి కప్పినట్టు ఎలిమెంట్ తన వేడిలో తానే ఉడికి, కాలిపోతుంది. తొడుగు పగిలితే కరెంటు నేరుగా నీళ్లకి తగులుతుంది. మంటతో నడిచే బాయిలర్‌లో మాత్రం కథ మారుతుంది. అక్కడ పొలుసు పడితే వేడి నీళ్లకి ఎక్కక పొగగొట్టం వెంట పోతుంది, ఇంధనం నిజంగానే వృథా.

ఇంకో మాట. కాఠిన్యం వేరు, ఫ్లోరైడ్ వేరు. మన ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఈ రెండూ కలిపి మాట్లాడేస్తుంటారు. మరిగిస్తే కాఠిన్యం కొంత దిగుతుంది కానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైపోయి అది ఇంకా చిక్కబడుతుంది. గీజర్ నీళ్లు తాగడానికి, వంటకి పనికిరావు.

సారాంశం ఏంటంటే, కాఠిన్యం ఎక్కువున్న ఊళ్లో గీజర్‌ని ఏడాదికోసారైనా విప్పి చూడాలి.

సూర్యాపేట: మేకులు కొట్టిన పెట్టె

సూర్యాపేటలో మా బాబాయ్ వాళ్ల ఫ్లాట్‌లో వంటింటి పని ఒక ఇంటీరియర్ మేస్త్రీకి ఇచ్చారు. సింకు పైన గీజర్. దాని ముందు పలక నిలబెట్టి, జిగురు పూసి, మేకులు కొట్టి, లామినేట్ అంటించారు. ప్లగ్గు కూడా ఆ పెట్టె లోపలే. గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు.

రెండు చలికాలాలు గడిచాయి. సేఫ్టీ వాల్వ్ చుక్కలు రోజూ లోపలే పడుతున్నాయి. ఎవరికీ కనపడవు. పెట్టె అడుగు ఉబ్బింది. పిన్ని చూసి "వానకి చెక్క ఉబ్బిందేమో" అనుకుంది. ఒకరోజు గిన్నెలు కడుగుతూ కుళాయి ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంది. అదృష్టం కొద్దీ కాళ్లకి రబ్బరు చెప్పులున్నాయి. బాబాయ్ వెంటనే మెయిన్ ఆపేశాడు.

మెకానిక్ వచ్చి పలక మీద చేత్తో తట్టి చూశాడు.

"సార్, గీజర్ ఇప్పుడు పది నిమిషాల పని. గీజర్ కాడికి పోవుడే పొద్దుగూకే పని."

చివరికి రంపంతో కోశారు. లోపల తడిసిన ప్లగ్గు, నల్లబడ్డ వైరు, పొలుసుతో లావెక్కిన ఎలిమెంట్. ఎలిమెంట్‌కి అయిన ఖర్చు కన్నా పలక మళ్లీ చేయించడానికి అయిందే ఎక్కువ. అయినా నాకు గుర్తుండిపోయింది ఆ ఖర్చు కాదు. ఆ చుక్కలు కనపడి ఉంటే ఏడాది ముందే ఎవరో ఒకరు చూసేవాళ్లు. ఆ పెట్టె గీజర్‌తో పాటు ప్రమాద సూచననీ దాచేసింది.

బాబాయ్ ఇప్పుడు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాడు. కరెంటు దారి తప్పి భూమిలోకి లీకైతే అది క్షణంలో లైన్ ఆపేస్తుంది. ఎంసీబీ ఆ పని చెయ్యదు. ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్ వరకే దాని కాపలా. ఈ రెండిటికీ తేడా మన ట్రిపుల్‌ఈ మిత్రులు ఇంట్లోవాళ్లకి ఒక్కసారి చెప్తే పుణ్యం.

మిర్యాలగూడ: చట్టం తెరిపించే మూత

మిర్యాలగూడలో మామయ్య పనిచేసే మిల్లులో ఏటా జరిగే బాయిలర్ తనిఖీకి ముందు రోజు వెళ్లాను. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు ఇక్కడి మిల్లులకి వస్తాయి. ఉప్పుడు బియ్యానికి వడ్లని ఆవిరితో ఉడికించాలి. ఆ ఆవిరి కోసం బాయిలర్, బాయిలర్‌కి ఇంధనం మళ్లీ ఆ వడ్ల ఊకే.

ఆ రోజు మంట ఆపి, చల్లార్చి, నీళ్లు వదిలేసి, మూత తీసి ఉంది. మనిషి దూరే ఆ కంతని మ్యాన్‌హోల్ అంటారు. అది గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా ఎందుకుందని అడిగాను. అక్కడి బాయిలర్ అటెండెంట్, మా నాన్నకన్నా పెద్దాయన, మూత పక్కకి తిప్పి చూపించాడు. మూత లోపలి వైపు నుంచి బిగుస్తుంది. కోలగా ఉంది కాబట్టి అడ్డంగా తిప్పి లోపలికి పంపొచ్చు. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ అదే ఒత్తిడి మూతని ఇంకా గట్టిగా అదుముతుంది. తెరవడం ఎలా అన్నదీ, మూసుకోవడం ఎలా అన్నదీ ఒకే ఆకారంలో తేల్చేశారు. ఇంత మంచి ఇంజనీరింగ్ నేను ఏ ల్యాబ్‌లోనూ చూడలేదు.

"మూత తియ్యరాని బాయిలర్‌ని నమ్మొద్దు బిడ్డా" అన్నాడాయన.

ఇది ఆయన అలవాటు మాత్రమే కాదు, చట్టం కూడా. 1923 నాటి బాయిలర్ల చట్టం కింద ప్రతి బాయిలర్ రిజిస్టర్ కావాలి, దాన్ని నడిపించడానికి సర్టిఫికెట్ ఉండాలి. ఆ సర్టిఫికెట్ గడువు పన్నెండు నెలలు మించదు. 2025లో ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం వచ్చినా తనిఖీ పోలేదు. 25 లీటర్లకన్నా తక్కువ పట్టేవి, నీళ్లని వంద డిగ్రీలలోపే వేడి చేసేవి దీని కిందికి రావు. కాబట్టి మన గీజర్ చట్టానికి బయట ఉంది. మిల్లు బాయిలర్‌ని చూడటానికి ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఇంటి గీజర్‌ని చూడటానికి ఎవరూ రారు. ఇంట్లోవాళ్లే చూడాలి, కాబట్టి వాళ్లు చూడగలిగేలా కట్టాలి.

బయటి దేశాల్లో ఇంటి లోపలి వాటికీ నియమాలున్నాయి. బ్రిటన్‌లో గ్యాస్ బాయిలర్ చాలా ఇళ్లలో వంటింటి అల్మరాలోనే ఉంటుంది. అక్కడ కొన్ని ఫ్లాట్లలో పొగగొట్టాన్ని ఫాల్స్ సీలింగ్ వెనక దాచేశారు. అతుకులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే దారి లేదు. అందుకే 2011 జనవరి 1 నుంచి అలాంటి చోట తనిఖీ తలుపులు ఉండాలన్నారు. ఒక్కోటి కనీసం 300 మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పు. అంటే చదరపు అడుగు తలుపు.

గ్యాస్ గీజర్‌కి పెట్టె వద్దే వద్దు

ఈ భాగం ఒక్కటి చదివి మిగతా వదిలేసినా నాకు సంతోషమే.

మిర్యాలగూడలోనే మా మేనత్త వాళ్లు వంటింటి పక్క వాష్ ఏరియాలో గ్యాస్ గీజర్ పెట్టించారు. కార్పెంటర్ దానికీ ఒక పెట్టె కొలతలు రాసుకున్నాడు. నేను వద్దన్నాను. "ఏందిరా, నీ చదువంతా నా వంటింట్లనే చూపిస్తవా?" అంది అత్త. కాగితం మీద లెక్క వేసి చూపించాను.

నిమిషానికి ఆరు లీటర్ల రకం గీజర్ సుమారు 12 కిలోవాట్ల మంట. గంటకి దాదాపు కిలో ఎల్‌పీజీ. అంత గ్యాస్ పూర్తిగా మండాలంటే గంటకి దాదాపు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి, అంటే నిమిషానికి 0.2. కార్పెంటర్ రాసుకున్న పెట్టె రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, మూడడుగుల ఎత్తు. అందులో పట్టే గాలి 0.34 ఘనపు మీటర్లు. రెండు నిమిషాలకి కూడా చాలదు. మనం స్నానం చేసేది ఎన్ని నిమిషాలు?

గాలి తగ్గితే మంట ఆరిపోతుందనుకుంటాం. ఆరేలోపు అరకొరగా మండుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ గ్యాస్‌కి వాసన కలుపుతారు కాబట్టి లీకైతే తెలుస్తుంది. దీనికి ఆ వాసన కూడా రాదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఇది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం. ఖాళీ కడుపున స్నానం చేశా, అందుకే అనుకుంటాం. అలా అనుకుంటూనే పడిపోతాం.

మరి బ్రిటన్‌లో అల్మరాలో ఎలా పెడుతున్నారు? అక్కడి కొత్త బాయిలర్లు మంటకి కావాల్సిన గాలిని గొట్టంతో బయటి నుంచి తెచ్చుకుని, పొగని బయటికే వదులుతాయి. గదిలో గాలితో వాటికి పని లేదు. మన ఇళ్లలో కనిపించే చిన్న గ్యాస్ గీజర్లు ఎక్కువగా తన చుట్టూ ఉన్న గాలినే వాడుకుంటాయి. ఫొటో చూసి డిజైన్ కాపీ కొడితే ఫొటోలో కనపడని గొట్టం కాపీ కాదు.

అత్త వాళ్లది ఇప్పుడు గ్రిల్ ఉన్న బహిరంగ వరండా గోడకి ఉంది. దాని మీద తలుపు లేదు, కర్టెన్ కూడా లేదు. బాత్రూమ్‌లో గానీ, మూసిన వంటింట్లో గానీ దాన్ని పెట్టొద్దు. ఎవరైనా కళ్లు తిరుగుతున్నాయంటే ముందు వాళ్లని గాలిలోకి తీసుకురండి. గ్యాస్ ఆపి, తలుపులు తీసి, 108కి ఫోన్ చెయ్యండి.

సిలిండర్ పెట్టే అరకీ ఒక మాట. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, కిందికి దిగుతుంది. కాబట్టి ఆ అర తలుపుకి గాలి రంధ్రాలు కింద, నేలకి దగ్గరగా ఉండాలి. పైన మాత్రమే పెడితే అవి అందానికే.

కోదాడ: మేం చేసిన పెట్టె

ఇక మా ఇల్లు. 25 లీటర్ల నిలువు కరెంటు గీజర్, వంటింట్లో సింకు పక్క గోడకి. కార్పెంటర్ అన్నతో, ప్లంబర్‌తో కూర్చుని తేల్చుకున్నవి వరసగా ఇవి.

ముందు గీజర్, తర్వాతే పెట్టె. గీజర్ బిగించి వారం రోజులు వాడి, ఎక్కడా కారడం లేదని చూశాకే చెక్క పని మొదలైంది.

బరువు గోడ మీదే. నీళ్లు 25 కిలోలు, పైన గీజర్ సొంత బరువు. గోడకి యాంకర్ బోల్టులు వేశారు. పెట్టె దాన్ని మొయ్యదు, కప్పుతుంది అంతే.

షట్టర్ వెడల్పు గీజర్ కన్నా ఎక్కువ. ఎప్పుడైనా గీజర్ మొత్తం మార్చాల్సి వస్తే పెట్టె ముట్టుకోకుండా బయటికి రావాలి. కీళ్ల తలుపే, పూర్తిగా వెనక్కి తెరుచుకుంటుంది.

కింద ఖాళీ. ఎలిమెంట్ కిందికి లాగాలి కాబట్టి దాని పొడవుకి పైన ఇంకో జానెడు చోటు వదిలాం. ఎంత వదలాలో గీజర్‌తో వచ్చిన మాన్యువల్‌లో ఉంటుంది, దాన్ని అట్టపెట్టెతో పాటు పారెయ్యకండి. పెట్టె అడుగు పలకకి మేకులు లేవు, పట్టీల మీద జారుతుంది. లాగితే చేతికొస్తుంది.

చుక్కలు కనపడాలి. సేఫ్టీ వాల్వ్‌కి సన్న గొట్టం తగిలించి, దాని చివర సింకు పైన కనపడేలా వదిలాం. అమ్మకి మొదట నచ్చలేదు. ఇప్పుడు అవి ఆగిపోతే "ఇవాళ చుక్క రావట్లేదేంది?" అని ఆమే అడుగుతోంది.

ఆపేవన్నీ బయట. 16 ఆంపియర్ల స్విచ్చు, ప్లగ్గు, చల్లనీళ్ల వాల్వ్, మూడూ పెట్టె బయటే. 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, దానికి విడిగా లైను.

గాలి, తేమ. పైనా కిందా జాలీ. చెక్క ఐఎస్ 710 రకం ప్లైవుడ్, తేమకి తట్టుకునేది. కోసిన అంచులన్నీ మూయించాం, నీళ్లు ముందు లోపలికి పోయేది అక్కడి నుంచే.

చివరగా పరీక్ష. లామినేట్ అంటించకముందే ప్లంబర్‌ని పిలిచి, "అన్నా, ఇప్పుడు ఎలిమెంట్ మార్చాలంటే ఎట్ల మారుస్తవో చేసి చూపించు" అన్నాను. పానా పట్టుకుని చేయి పెట్టాడు. పానా తిరగడానికి ఎడమ వైపు రెండంగుళాలు చాల్లేదు. కార్పెంటర్ అన్న నవ్వి, పక్క పలకని రెండంగుళాలు జరిపాడు. అప్పటికింకా జిగురు పడలేదు కాబట్టి పది నిమిషాల్లో అయిపోయింది.

తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించాం. బిగించిన తేదీ, రాడ్ మార్చిన తేదీ, ఏ వాల్వ్ ఏ పైపుదో చిన్న బొమ్మ. నేను హాస్టల్లో ఉన్నా, నాన్న డ్యూటీలో ఉన్నా, అమ్మ ఒక్కతే మెకానిక్‌కి చూపించగలగాలి.

ఈసారి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మీ వంటింట్లో ఒక్కసారి చూడండి. గీజర్ ఎక్కడుంది, దాని సేఫ్టీ వాల్వ్ కనపడుతోందా, స్విచ్చు చేతికందుతోందా, తలుపు తీస్తే ఎలిమెంట్ బయటికొచ్చే చోటుందా? గ్యాస్ గీజర్ అయితే దాని చుట్టూ ఏముంది? ఇంకా కట్టబోయే ఇల్లయితే మరీ మంచిది. కార్పెంటర్ జిగురు డబ్బా తెరిచేలోపు ప్లంబర్‌కి ఒక్క ఫోన్ చెయ్యండి.